పాలపళ్లే పట్టుకొమ్మలు: క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా ఉన్న పాపకు లోపలే ఉండిపోయిన పళ్లను దారిలో పెట్టిన కేసు

ఈ కేసులో పాప ఊరు, కుటుంబ వివరాలు, కొన్ని తేదీలు మార్చాం. వైద్యానికి సంబంధించిన క్రమం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

పాప వయసు 11 ఏళ్ల 4 నెలలు. "పళ్లు రావట్లేదు" అని తల్లిదండ్రులు తీసుకొచ్చారు. తొమ్మిదో ఏట ఒక క్లినిక్‌లో పైన ముందున్న నాలుగు పాలపళ్లూ తీసేసి, ఆరు నెలల్లో కొత్తవి వస్తాయని చెప్పారట. రెండేళ్లు గడిచినా చిగురు నున్నగా అలాగే ఉంది. బడిలో పిల్లలు బోసినోరు అంటున్నారని పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

నోరు చూడకముందే కొన్ని కనిపించాయి. నుదురు ముందుకు వచ్చి, నడిమధ్య నిలువుగా చిన్న పల్లం ఉంది. ముక్కు దూలం వెడల్పు. వయసుకు తగ్గ ఎత్తు లేదు. నడినెత్తిన వేలు పెడితే మాడు ఇంకా పూర్తిగా పూడలేదని తెలుస్తోంది. భుజాలు ముందుకు తెమ్మంటే రెండూ గడ్డం కింద దాదాపు కలిసిపోయాయి. పక్కన కూర్చున్న తండ్రి నవ్వి, తనూ చేసి చూపించాడు. "నాకూ ఇంతే సార్. నా పళ్లూ రాలేదు, ముప్పై దాటగానే కట్టుడు పళ్లు పెట్టేశారు" అన్నాడు.

రోగనిర్ధారణలో సగం పని అక్కడే అయిపోయింది. ఛాతీ ఎక్స్‌రేలో కాలర్ ఎముకలు (మెడ కింద, ఛాతీని భుజంతో కలిపేవి) రెండు వైపులా ముక్కలుగా, అసంపూర్తిగా కనిపించాయి. ఇది క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా, ఎముకలు, పళ్ల ఎదుగుదలను దెబ్బతీసే పుట్టుజబ్బు. ఆరో క్రోమోజోమ్ మీదున్న రన్‌ఎక్స్2 అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. జన్యు పరీక్షకు రాశాం గానీ దాని కోసం ఆగలేదు. ఫలితం ఎలా వచ్చినా పళ్ల ప్రణాళిక మారదు. పైగా ఆ పరీక్షలో లోపం దొరకనంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు.

నోట్లో ఏముంది

పైన రెండు పాల కోరపళ్లు, నాలుగు పాల దవడపళ్లు, చివర రెండు శాశ్వత మొదటి దవడపళ్లు. కింద పది పాలపళ్లూ గట్టిగా ఉన్నాయి, వాటి వెనక రెండు శాశ్వత దవడపళ్లు. మొత్తం నోటిలో శాశ్వత పళ్లు నాలుగే. ఈ జబ్బులో ఇది మామూలే. మొదటి దవడపంటికి ముందు ఆ చోట పాలపన్ను ఉండదు, దానికి అడ్డూ తక్కువే, కాబట్టి చాలామందిలో అది తనంతట తాను వస్తుంది. పై దవడ వెనక్కి ఉండి, ముందు కరుపు (పై, కింది ముందు భాగాలు కలిసే తీరు) 3 మిల్లీమీటర్లు తిరగబడి ఉంది, అంటే పై గట్టు కింది ముందు పళ్లకు వెనకపడింది.

ఓపీజీలో (రెండు దవడల పళ్లన్నీ ఒకేసారి చూపే ఎక్స్‌రే) మిగతా శాశ్వత పళ్లన్నీ లోపల ఉన్నాయి. వాటితో పాటు ఏడు అదనపు పళ్లు: పై ముందు పళ్ల వెనక రెండు, పై చిన్న దవడపళ్ల దగ్గర రెండు, కింద కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. సీబీసీటీలో (దవడల త్రీడీ స్కాన్) చూస్తే అదనపు పళ్లు ఎక్కువగా అసలు పళ్లకు అంగిలివైపు, నాలుకవైపు, కరుపుకు దగ్గరగా ఉన్నాయి. అంటే అసలు పన్ను రావాల్సిన బాటలోనే కాపు కాస్తున్నాయి.

మాకు ఎక్కువ పనికొచ్చిన కొలత పాప వయసు కాదు, వేళ్ల పొడవు. ముందు పళ్ల వేళ్లు మూడింట రెండొంతులు తయారయ్యాయి. కోరపళ్లు, చిన్న దవడపళ్ల వేళ్లు మూడో వంతు కూడా లేవు. పాపకు పదకొండేళ్లు దాటినా పళ్ల వయసు ఎనిమిదిన్నర దగ్గరుంది. ఈ జబ్బులో పళ్లు సుమారు మూడేళ్లు వెనకబడి ఉండటం మామూలు విషయం.

మొదటి ప్రయత్నం ఎందుకు ఫలించలేదు

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో పాలపన్ను అడ్డంగా ఉండిపోతే దాన్ని తీసేస్తే కింది పన్ను వస్తుంది. ఆ లెక్కతోనే ఆ నాలుగూ తీశారు. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. మామూలుగా పన్ను పైకి రావాలంటే దాని పైనున్న ఎముక కరగాలి, ఆ కరిగించే కణాలను పిలిచే సంకేతం పంటిచుట్టూ ఉండే సంచి నుంచి వెళ్లాలి. రన్‌ఎక్స్2 లోపం ఉంటే ఆ సంకేతమే బలహీనం. పాలపళ్ల వేళ్లు కరగకపోవడానికీ, ఎముక దట్టంగా ఉండటానికీ కారణం అదే. దానికి తోడు అదనపు పళ్లు. పాలపన్ను తీసిన గుంత మళ్లీ ఎముకతో పూడింది, కింది పన్ను ఉన్నచోటే ఉంది.

ఆ రెండేళ్లలో నష్టం కాలం ఒక్కటే కాదు. ముందు భాగంలో ఎముక గట్టు ఎత్తు పెరగలేదు, పెదవికి ఆసరా పోయింది.

ఏ దారి ఎంచుకున్నాం, ఎందుకు

ఈ జబ్బులో పళ్లు దింపడానికి మూడు ప్రసిద్ధ పద్ధతులున్నాయి. టొరంటో-మెల్‌బోర్న్ పద్ధతిలో వేళ్లు తయారయ్యే కొద్దీ విడతలవారీగా పాలపళ్లు తీస్తూ ఎముక తొలగిస్తారు. దీనికి ఆపరేషన్లు ఎక్కువ. బెల్‌ఫాస్ట్-హాంబర్గ్ పద్ధతిలో ఒకే ఆపరేషన్‌లో పాలపళ్లు, అదనపు పళ్లు అన్నీ తీసి, లోపలి పళ్లన్నిటినీ తెరిచి, చిగురు మళ్లీ మూసుకోకుండా ప్యాక్ (మందు కట్టు) పెడతారు. జెరూసలేం పద్ధతిలో రెండు విడతలు: పది పన్నెండేళ్ల మధ్య ముందు పళ్లు, పదమూడు దాటాక కోరపళ్లు, చిన్న దవడపళ్లు.

ఒక్కసారి మత్తుతో పోయేదానికి రెండుసార్లెందుకని తండ్రి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ వయసులో అన్నీ తెరిచి ఉంటే మూడో వంతు వేరు మాత్రమే ఉన్న చిన్న దవడపళ్ల సంచులు దెబ్బతినేవి. అంతకంటే పెద్ద కారణం మరొకటి: అన్ని పాలపళ్లూ పోతే నోట్లో మిగిలేవి నాలుగే పళ్లు. లాగడానికి పట్టు ఎక్కడుంటుంది? పాప ఏం నములుతుంది? దవడల మధ్య ఎత్తు ఎవరు నిలబెడతారు? అందుకని జెరూసలేం పద్ధతికే మొగ్గు చూపాం. కింది ముందు పాలపళ్లు నాలుగూ తీస్తాం. మిగిలిన పన్నెండు పాలపళ్లనూ ముట్టం.

ఆపరేషన్‌కు ముందు చూసుకున్నవి

ఎత్తైన అంగిలి, చిన్న పై దవడ ఉంటే శ్వాస గొట్టం వేయడం కష్టం కావచ్చు కాబట్టి మత్తు డాక్టర్‌తో ముందే కూర్చున్నాం. మాడు పూడని చోట తల మీద ఒత్తిడి పడకుండా మెత్తటి రింగ్ పెట్టాలని కేస్ షీట్‌లో పైనే రాశాం. విటమిన్ డి పరీక్ష చేయించాం, తక్కువుంది, సరిచేశాం. చెవి, ముక్కు డాక్టర్‌కు పంపితే రెండు చెవుల్లో నీరు చేరిందని తేలింది. ఈ పిల్లల్లో చెవి, సైనస్ ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి. పిలిస్తే పలకదని టీచర్ రెండేళ్లుగా ఫిర్యాదు చేస్తున్న సంగతి తల్లి అప్పుడే చెప్పింది.

మొదటి విడత

11 ఏళ్ల 6 నెలల వయసులో మత్తు ఇచ్చి ఏడు అదనపు పళ్లు, కింది నాలుగు పాలపళ్లు తీశారు. ఎనిమిది ముందు పళ్లను తెరిచి, ఒక్కోదానికీ గొలుసు ఉన్న చిన్న మెష్ బటన్ అతికించాం. సర్జన్‌తో ముందే అనుకున్న హద్దు ఒకటుంది: పంటి తలభాగం అత్యధిక వెడల్పు వచ్చేవరకే ఎముక తియ్యాలి, పంటి మెడ దాటకూడదు. మెడ కింద గీరితే చిగురు దిగజారుతుంది, వేరు ఎముకకు అతుక్కునే ప్రమాదమూ ఉంది.

అతికించడంలో తప్పంతా తడితోనే వస్తుంది. ఒకరు సక్షన్ పట్టుకుని పక్కకు పోకుండా నిలబడాలి. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 30 సెకన్లు, సెలైన్‌తో కడగడం, ఆరబెట్టడం, తడిని తట్టుకునే ప్రైమర్, ఆపైన లైట్. చివర ట్వీజర్‌తో గొలుసు గట్టిగా లాగి చూడాలి. ఊడేదేదో అక్కడే ఊడాలి, చిగురు కుట్టాక కాదు. గొలుసు కొసను గట్టు శిఖరం మీదుగా బయటికి తీసి, చిగురు పూర్తిగా మూసి కుట్టాం. తెరిచి ప్యాక్ పెట్టే పద్ధతికంటే నొప్పి తక్కువ, చిగురు అంచు బాగా వస్తుంది.

పదో రోజునే లాగడం మొదలుపెట్టాం. ఎముక మళ్లీ పూడకముందే పన్ను కదలాలి. పట్టు కోసం పైన మొదటి దవడపళ్లకు బ్యాండ్లు (పంటి చుట్టూ తొడిగే లోహపు పట్టీలు), వాటిని కలుపుతూ 0.9 మిల్లీమీటర్ల అంగిలి వైరు, కింద నాలుకవైపు అలాంటిదే. బుగ్గవైపు ట్యూబుల్లోంచి ముందుకు 0.020 అంగుళాల స్టీల్ వైరు. దానికి గొలుసులు, పంటికి 30 నుంచి 40 గ్రాముల బలం.

కొలత పద్ధతి చాలా సాదా. చిగురు బయట ఎన్ని లంకెలున్నాయో ప్రతిసారీ లెక్కపెట్టి, బిగించేటప్పుడు కోసేసిన లంకెల సంఖ్య పన్నువారీగా కార్డు మీద రాయడం. నెలకోసారి తీసే ఎక్స్‌రేకంటే ఆ పెన్సిల్ అంకెలే ముందు చెబుతాయి.

ఇక్కడ తప్పటడుగు

పద్నాలుగో వారానికి కార్డు ఇలా ఉంది: పై కుడి నడిమి పన్ను అయిదు లంకెలు తగ్గింది. పై ఎడమ నడిమి పన్ను, సున్నా. పైగా పై మొదటి దవడపళ్లు రెండూ తలభాగం ముందుకు వాలి దాదాపు 2 మిల్లీమీటర్లు జరిగాయి. అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముందు పళ్లను కిందికి లాగితే, వైరు ముందు కొసను పైకి తోసే ఎదురు బలం దవడపంటి ట్యూబును తిప్పుతుంది. ముందుకు వాలడం దాని ఫలితం. రెండు పళ్ల మీద నాలుగు పళ్ల బరువు వేశాం.

అప్పుడు బలం పెంచాలనిపిస్తుంది. పెంచలేదు. కదలని పన్ను ముందు మూడు అనుమానాలుంటాయి: అతుకు ఊడింది, పన్ను ఎముకకు అంటుకుంది, దారిలో ఏదో అడ్డుంది. ఈ మూడింటిలో బలం పెంచడం దేనికీ మందు కాదు, పట్టు పళ్లు మాత్రం ఇంకా వాలుతాయి. గొలుసు మెల్లగా లాగితే గట్టిగానే ఉంది, కాబట్టి అతుకు ఊడలేదు. చిన్న పరిధి సీబీసీటీ తీశాం. వేరు చుట్టూ సన్నటి నల్ల గీత స్పష్టంగా ఉంది, అంటుకున్న గుర్తు లేదు. పంటి కొస ముందు దట్టమైన ఎముక గోడకు గుచ్చుకుంటోంది.

కారణం ఆపరేషన్ బల్ల మీదే పుట్టింది. అదనపు పన్ను తీసిన గుంత అంగిలివైపు ఉంది. అక్కడినుంచి చెయ్యి సులువుగా అందింది కాబట్టి ఆ పంటికి బటన్ వెనకవైపు అతికించాం. వెనక పట్టుకుని ముందున్న వైరు వైపు లాగితే పన్ను కిందికి రాకుండా పెదవివైపు ఎముకలోకి దూరింది. చేతికి అందిన చోటు కాదు, లాగబోయే దిక్కు చూసి అతికించాల్సింది.

స్థానిక మత్తుతో ముందువైపు చిన్నగా తెరిచి, కొస దగ్గర 2 మిల్లీమీటర్ల ఎముక తీసి, కొత్త బటన్ ముందు ముఖాన పెట్టాం. నాలుగు వారాలకు మొదటి లంకె కోశాం.

పట్టు సంగతి అప్పుడే సరిచేశాం. దీనికి పాలపళ్లే దొరికాయి. ఈ పిల్లల్లో పాల దవడపళ్ల వేళ్లు కరగవు, అందరికీ చిరాకు తెప్పించే ఆ గుణమే ఇక్కడ వరం. పాల కోరపళ్లకు, పాల దవడపళ్లకు బ్రాకెట్లు అతికించి, మొదటి దవడపంటితో కలిపి ఒక్కో వైపు నాలుగు పళ్లను 0.018 × 0.025 అంగుళాల స్టీల్ వైరు ముక్కతో బిగించాం. పాలపంటి ఎనామిల్ మీద ఎచింగ్ (యాసిడ్ పూసి ఉంచే) సమయం రెట్టింపు చేశాం, బ్రాకెట్ నెలలోనే చేతికి రాకూడదని. చేసినా సంక్రాంతి వారంలో రెండు ఊడాయి, సకినాల పుణ్యం. పట్టు కోసం ఎముకలో బిగించే మినీ స్క్రూలు ఆలోచించాం గానీ, ఎక్కడ గుచ్చినా కింద ఏదో ఒక పంటి మొగ్గ ఉంది.

ఆ తర్వాత దవడపళ్లు వాలలేదు. 12 ఏళ్ల 10 నెలలకు ఎనిమిది ముందు పళ్లూ వరసకొచ్చాయి. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టడం అంతకు చాలా ముందే, మొదటి పన్ను తెల్లగా కనిపించిన వారమే మానేసిందని తల్లి చెప్పింది.

రెండో విడత

13 ఏళ్లకు మళ్లీ ఓపీజీ తీస్తే కింద ఎడమవైపు రెండు కొత్త అదనపు పళ్లు. మొదటి సీబీసీటీలో అవి లేవు. ఈ జబ్బులో పళ్లను పుట్టించే పొర ఆలస్యంగా కూడా మొగ్గలేస్తుంది. ఒకసారి తీసేశాం కదా అని రెండో ఎక్స్‌రే ఎగ్గొట్టకూడదు.

కోరపళ్లు, చిన్న దవడపళ్ల వేళ్లు ఇప్పుడు మూడింట రెండొంతులున్నాయి. 13 ఏళ్ల 3 నెలలకు రెండో ఆపరేషన్. పన్నెండు పాలపళ్లు, రెండు అదనపు పళ్లు తీసి, పన్నెండు పళ్లకు బటన్లు పెట్టాం, ఈసారి అన్నీ బుగ్గవైపే. పాలపళ్లు ఇప్పుడెందుకు తీయొచ్చు? వాటి ఉద్యోగం ముందు పళ్లకు అప్పగించాం కాబట్టి. ప్రతి దవడలో ఆరు పళ్లను కలిపి 0.019 × 0.025 స్టీల్ వైరు వేశాం.

అయితే నడిమి పన్ను పక్కనున్న ముందు పన్నుకూ మొదటి దవడపంటికీ మధ్య ఖాళీ వైరు చాలా పొడవు. అలా వదిలేస్తే లాగినప్పుడు వంగుతుంది, నమిలినప్పుడు బుగ్గలో గుచ్చుకుంటుంది. ఆ మేర సన్నటి గొట్టం తొడిగాం. ముందుగా మొదటి చిన్న దవడపళ్లనే లాగాం, కోరపళ్లను కాదు. కోరపన్ను పొడవాటి వేరున్నది, గట్టు మలుపులో ఉంటుంది, ఎక్కువ పట్టు అడుగుతుంది. మధ్యలో ఒక స్తంభం లేస్తే వైరు పొడవు రెండుగా తెగుతుంది, అప్పుడు కోరపన్ను పని తేలిక. బలం 50 నుంచి 60 గ్రాములు. ముందు పళ్లు లోపలికి పోయి కరుపు తెరుచుకోకుండా రాత్రిపూట ముందు పళ్ల మధ్య నిలువు ఎలాస్టిక్‌లు ఇచ్చాం. పాప వాటిని వారంలో నాలుగు రాత్రులు పెట్టుకునేదనుకుంటే లెక్క సరిపోతుంది.

పన్నెండులో పదకొండు వచ్చాయి. కింది కుడి రెండో చిన్న దవడపన్ను రాలేదు. అయిదు నెలలు లంకె మారలేదు, దాని అటూ ఇటూ ఉన్న పళ్లు మాత్రం దానివైపు వాలడం మొదలైంది. కదలాల్సింది కదలక, కదలకూడనివి కదిలితే ఆపాల్సిందే. సీబీసీటీలో వేరు కొస కొక్కెంలా వంగి, గడ్డం నరం బయటికొచ్చే రంధ్రానికి ఆనుకుని ఉంది. తీస్తే పెదవి తిమ్మిరెక్కే ప్రమాదం, ఉంచితే నష్టమేమీ లేదు. గొలుసు కోసేసి, పన్ను అక్కడే వదిలేశాం. ఏడాదికోసారి ఎక్స్‌రే.

ఇక్కడ ఒక విచారం మిగిలింది. మొదటి విడతలో అదే చోట తీసిన రెండు అదనపు పళ్లలో ఒకటి ఆకారంలో అచ్చం చిన్న దవడపన్నే, కరుపుకు దగ్గరగా నిటారుగా ఉంది. అదనపు పళ్లన్నీ తీసేయాలన్న నియమం ప్రకారం తీసేశాం. అసలు పంటి వేరు వంకర అప్పటికి తయారవలేదు కాబట్టి ముందే తెలిసే అవకాశం లేదు. అయినా ఇలాంటి కేసు మళ్లీ వస్తే, మంచి ఆకారం, మంచి చోటు ఉన్న అదనపు పన్నును రెండో విడత దాకా ఉంచి, రెండింటిలో ఏది ఉపయోగమో అప్పుడు తేలుస్తాం, అది అసలు పన్నుకు అడ్డం కానంత వరకు.

ముగింపు దశ

16 ఏళ్ల 9 నెలలకు బ్రాకెట్లు తీశాం. మొదటి ఆపరేషన్ నుంచి అయిదేళ్ల మూడు నెలలు. పళ్లు దిగే కొద్దీ గట్టు ఎముక వాటితో పాటు పెరిగి, దవడల మధ్య ఎత్తు పెరిగి, గడ్డం కాస్త కిందికి వెనక్కి తిరిగింది. తిరగబడ్డ 3 మిల్లీమీటర్ల కరుపు ఇప్పుడు 1 మిల్లీమీటర్ సవ్యంగా ఉంది. పై దవడ వెనకబాటు పూర్తిగా పోలేదు. దవడ ఆపరేషన్ కావాలో లేదో ఎదుగుదల ఆగాక చూస్తాం, పాపకు ప్రస్తుతానికి అక్కర్లేదట. ఇబ్బంది పెట్టిన పై ఎడమ నడిమి పంటి వేరు పక్కదానికంటే పొట్టిగా ఉంది, చిగురు మాత్రం సమానంగా వచ్చింది. రెండు దవడల్లో ముందు ఆరేసి పళ్ల వెనక పళ్లు మళ్లీ జరగకుండా పట్టే శాశ్వత రిటైనర్ వైరు, రాత్రికి తీసి పెట్టుకునే ప్లేటు. కింది కుడివైపు ఖాళీలో ప్లేటుకే ఒక పన్ను కట్టించాం.

పాప తమ్ముడికీ ఇదే జబ్బు. మొదటిసారి వచ్చినప్పుడు వాడికి అయిదేళ్లు, అక్క పక్కన నిలబడి భుజాలు కలిపి చూపించాడు. ఆ రోజే తల్లి చేతికి ఒక కార్డు ఇచ్చాం, ఏ క్లినిక్‌కు వెళ్లినా ముందు అది చూపించమని. దాని మీద ఒక్కటే వాక్యం: "మాతో మాట్లాడకుండా పాలపళ్లు తీయవద్దు." ఇప్పుడు వాడికి పదిన్నర. ఇరవై పాలపళ్లూ ఉన్నాయి, రెండింటికి ఫిల్లింగ్ అయింది. పైన అదనపు పళ్లు రెండు, పై ముందు పళ్ల వేళ్లు సగం దాటాయి. మళ్లీ ఓపీజీ ఆరు నెలల తర్వాత.